విన్నపపత్రముల వాఙ్మయము

మన పత్రికలలో కావ్యములను విమర్శింతురు, నవలలను విమర్శింతురు, నాటకమాడిన మఱునాడే దానిపై తీర్పు చెప్పుదురు. కాని యింటింటికి నడచి వచ్చునదియు, చదువరి చేతిలోని డబ్బును కదలించుటకే పుట్టినదియు నగు ఒక రచనాభేదమును మాత్రము విమర్శకులు వాఙ్మయముగా లెక్కింపరు. అది చందాల విన్నపపత్రము. పాఠశాలకు గది కావలెననియు, గ్రంథాలయమునకు పుస్తకములు కావలెననియు, అనాథబాలలకు వసతిగృహము నిలుపవలెననియు ఇట్టి పత్రములు ఒకప్పుడు రసీదుపుస్తకముతో గడపకు వచ్చెడివి; నేడు ఫోనులోనికే పూటకొకటి వచ్చుచున్నవి. మనము చదువుదుము; తోచినది యిత్తుము, లేదా ఇయ్యము; మఱచిపోవుదుము. దానిని రచనగా ఎవ్వరును చూడకపోవుటచేతనే అది యింతగా చెడినదని నా యభిప్రాయము.

ఈ యభిప్రాయము నాకు ఊరక కలుగలేదు. కొంతకాలము క్రిందట శింగనమల ప్రాంతమునుండి ఉపాధ్యాయమిత్రుడొకడు ఒక కాగితము తెచ్చి, "దీనిని కొంచెము దిద్దిపెట్టుడు" అని కోరినాడు. తమ యూర ఆడపిల్లలు సాయంకాలమున కూర్చుండి చదువుకొనుటకు ఒక పఠనాలయము నెలకొల్పదలచి వ్రాసిన విన్నపమది. భాషాదోషములు రెండో మూడో కలవు. వానిని దిద్దుట యెంతసేపు? కాని కాగితము చదివినకొలది దోషము భాషలో లేదు, ఆలోచనలోనే కలదని తోచినది. ఆ కాగితమును మఱల చూతము. ముందుగా ఆ నేల యెట్టిదో, అచ్చట దానమునకు సంబంధించిన వ్రాతలు పూర్వమెట్లుండెడివో చెప్పవలసియున్నది.

శింగనమలలో శ్రీరంగరాయల పేరిట పిలువబడు పెద్దచెఱువు కలదు. దాని కట్టపై నిలిచి చూచినవారికి ఈ సీమ చరిత్ర సగము తెలియును. అనంతపురము జిల్లాలో సాలీనా వర్షము సగటున 550 మిల్లీమీటర్లు. అదియు వేరుసెనగ ఊడలు దిగునాడు కురియక, పెఱికిన కట్టె కళ్లమున నున్ననాడు కురియుట కలదు. నీరు లేని దేశము గనుకనే ఇచ్చట ఊళ్ల పేళ్లలో సముద్రములును సాగరములును నిండియున్నవి. బుక్కరాయసముద్రము సరే, జిల్లా ముఖ్యపట్టణము పేరు సైతము అనంతసాగరమను చెఱువునుండి వచ్చినదే. ఈ చెఱువు లన్నియు ఎవరో ఒకరు ధనమిచ్చి, ఎందఱో చెమట కార్చి కట్టినవి. ఇచ్చినవారి మాట శాసనములలో నిలిచినది. చెమట కార్చినవారి మాట సామాన్యముగా నిలువలేదు.

సామాన్యముగా అంటిని, ఒక గొప్ప మినహాయింపు కడపసీమలో కలదు. పోరుమామిళ్ల చెఱువును బుక్కరాయల కుమారుడు భాస్కరభవదూరుడు కట్టించి 1369వ సంవత్సరమున శాసనము వేయించెను. రాజవంశప్రశంస అందును కలదు. అది శాసనకవులకు తప్పని పన్ను. కాని దానిని దాటిన తరువాత ఆ శాసనము చెప్పు సంగతులు నేటి విన్నపకారులు చదువదగినవి. చెఱువునకు కావలసిన అంగములు పండ్రెండని యెంచి, ధర్మపరుడును ధనవంతుడును నగు ప్రభువు మొదలుకొని, జలశాస్త్ర మెఱిగిన పండితుడు, గట్టి బంకనేల, తీయని నీరుగల యేరు, కట్టకు ఆనుకొను కొండ, రాతిగని, పల్లమున సాగుకు తగిన నేల, పని తెలిసిన కూలిజనము వఱకు అన్నిటిని వరుసగా చెప్పును. పిమ్మట దోషములాఱు: కట్ట కాఱుట, చవుడునేల, రెండు రాజ్యముల పొలిమేరపై నుండుట, నడుమ మెట్ట యుండుట, నీరు తక్కువయై ఆయకట్టు ఎక్కువగుట, నీరు ఎక్కువయై ఆయకట్టు తక్కువగుట. పనికి దినమునకు వేయిమంది కూలీలును, రాతిపనికి నూఱు బండ్లును పట్టినవనియు, రెండేండ్లకు ముగిసినదనియు లెక్క చెప్పును. వంశవర్ణన చదివి మఱచిపోయినను, ఈ వేయిమందిని ఈ నూఱు బండ్లను చదువరి మఱవజాలడు. రచనాబలమన నిది. పనిని ఎఱిగినవాడు వ్రాసిన వ్రాతకు అలంకారముతో పని లేదు. ముఖ్యముగా ఆ యాఱు దోషముల పట్టిక నాకు మిక్కిలి నచ్చినది. తన పని యెట్లు చెడునో ముందే చెప్పుకొన్న దాత యెవ్వడు? నేటి విన్నపములలో "ఈ కార్యము ఈ కారణముచే విఫలము కావచ్చును" అను వాక్యము నొకదానిని చూపినవారికి నేను నమస్కరింతును.

శాసనము పని ముగిసిన పిదప వ్రాసినది, విన్నపము పనికి ముందు వ్రాసినది; రెంటిని పోల్చవచ్చునా యని అడుగవచ్చును. పోల్పదగినది మఱొకటి కలదు. చెఱువు కట్టించుటతో పూర్వులు దానమును ముగించలేదు. రాయలసీమలో దశబంధమను ఏర్పాటుండెడిది. చెఱువును కట్టినవానికి, లేదా తెగిన కట్టను బాగుచేసినవానికి ఆయకట్టులో కొంత భాగము మాన్యముగా నిచ్చి, దానికి బదులుగా ఆ చెఱువు మరమ్మతును ఏటేట చూచుకొను పూచీని వానిపై నుంచెడివారు. ఆ యేర్పాటునకును దోషములు కలవు. మాన్యము ననుభవించి పూచీని మఱచినవారును ఉండిరి; మాన్యము పెద్దకులములవారి చేతనే చిక్కి, ఏటేట పూడిక మోసినవారికి తట్ట తప్ప ఏమియు దక్కని చోట్లును ఉండెను. దానిని స్వర్ణయుగమని వర్ణించుటకు నాకు మనసొప్పదు. కాని యందులో ఒక ఎఱుక కలదు: కట్టుట ఒక ఖర్చు, నిలుపుట వేఱొక ఖర్చు, రెండవదానికి ధనము చూపక మొదటిది చేయరాదు. ఈ యెఱుకయే నేటి మన విన్నపపత్రములనుండి జాఱిపోయినది.

ధాత కఱవును గుఱించి మన ముత్తవ్వలు చెప్పగా విన్నవారు ఇంకను కొందఱుందురు. 1876లో మొదలై 1878 వఱకు సాగిన ఆ కఱవున ఈ సీమ యంతయు, అనగా నాటి బళ్లారి జిల్లా (1882వఱకు అనంతపురము అందులోనిదే) శ్మశానమైనది. ఆ నడుమనే, 1877 జనవరి మొదటి తేదీన, ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా ప్రకటించు దర్బారు జరిగెననుట ఇచ్చట చెప్పకుండ ఉండలేకపోతిని. ఆ యేటి ఆగస్టులో మద్రాసున సభ కూడి, గవర్నరు బకింగ్‌హాం ప్రభువు లండను నగరాధ్యక్షునకు తంతిద్వారా సహాయము కోరెను. రాజప్రతినిధి లిట్టనుకు ఈ యాచన నచ్చలేదు. అయినను ఆ తంతివార్తకు బదులుగా ఇంగ్లాండునుండియు ఇతరదేశములనుండియు ఏడులక్షల పౌనులకు మించి చేరినది. మన సీమ దుఃఖము ప్రపంచమును అర్థించిన తొలి విన్నపములలో నది యొకటి.

విమర్శకునికి ఆ విన్నపమునందు రెండు ముఖములు కనబడును. ఒకటి, ఛాయాపటముల ముఖము. హూపరను సైనికాధికారి ఎముకలగూళ్లైన స్త్రీపురుషులను, బిడ్డలను వరుసగా కూర్చుండబెట్టి తీసిన పటములు సీమలో ప్రచారమైనవి. ఆ పటములలోని మనుష్యులకు పేరు లేదు, ఊరు లేదు, మాట లేదు. చూచినవారి గుండె కరగినది, డబ్బు వచ్చినది. నిజమే. కాని నాటినుండి నేటివఱకు "కఱవుబొమ్మ" యను ఒక అలంకారము మన విన్నపములకు అంటుకొన్నది. ఎంత దీనముగా కనబడిన అంత మేలను నమ్మకము స్థిరపడినది. రెండవది, లెక్కల ముఖము. ఆ నిధిసంఘమునకు కార్యదర్శిగా నుండిన విలియం డిగ్బీ యను పత్రికాసంపాదకుడు 1878లో ప్రకటించిన గ్రంథములో నిధి వినియోగమునంతయు వివరించెను. ఆ నిధి గంజికేంద్రములతో ఆగక, రైతు మఱల రైతు కావలెనని విత్తనములకు, ఎడ్లకు, కూలిన గుడిసెలకు కూడ వ్యయమైనది. ప్రాణము నిలుపుట సగము పని, బ్రదుకు నిలుపుట పూర్తి పని యని యెఱిగి చేసిన వ్యయమది. మనము మొదటి ముఖమును అనుకరించితిమి, రెండవదానిని మఱచితిమి.

ఇక మన కాలపు మాట. 1968లో మహారాష్ట్రమునుండి దేశము విడిచిపొమ్మని ఆజ్ఞనందిన స్పెయిను దేశపు క్రైస్తవగురువు విన్సెంట్ ఫెర్రరు, మఱల అనుమతి పొంది 1969లో అనంతపురము చేరెను. రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టను సంస్థ (జనులు ఆర్‌డీటీ యందురు) ఆ యేటనే మొదలైనది. మఱుసటి యేట ఆయన గురుపదవిని విడిచి, ఆన్ పెర్రీ యను ఆంగ్లవనితను వివాహమాడి, 2009 జూను 19న కన్నుమూయువఱకు ఈ నేలపైననే నిలిచెను. బత్తలపల్లి, కళ్యాణదుర్గము ఆసుపత్రులు, వేలకొలది గృహములు, పాఠశాలలు, అంధులకును బధిరులకును విద్య: ఈ పనుల జాబితాను నేను ప్రశంసింపనక్కఱలేదు, జిల్లాలో ఏ పల్లెకు పోయినను కనబడునవే. నా ప్రసంగము ఆ ధనమును తెచ్చిన వ్రాతను గుఱించినది. స్పెయినులోని ఒక గృహస్థు అనంతపురములోని ఒక బిడ్డ పేర నెలనెల కొంత పైకము పంపును. బిడ్డనుండి ఉత్తరము, పటము దాతకు పోవును. ఇందలి గొప్పతనము నెలనెల అను మాటలో నున్నది. ఒకనాడు కరగి ఇచ్చి మఱునాడు మఱచునది కాదు, క్రమము తప్పనిది. దశబంధము పోయినచోట దాని నీడ మఱల పడినదనవచ్చును. ఆసుపత్రి గోడకే గాక అందులోని దాదికి, దీపమునకు, మందులకు ఆ నెలసరి పైకమే ఆధారము.

లోపమును కూడ చెప్పవలెను. ఉత్తరము వ్రాయు బిడ్డ, దాతకు కృతజ్ఞత చూపవలసిన పాత్రగా ఆ రచనలో బందీయగును. తన ఊరి కోట్లాటను, తండ్రి అప్పును, ఉపాధ్యాయునిపై తనకు గల కోపమును ఆ బిడ్డ వ్రాయునా? అంతకంటె పెద్ద లోపము మఱొకటి. ఈ విన్నపము ఎవరిని ఉద్దేశించి వ్రాసినదో చూడుడు: బార్సిలోనా చదువరిని. శింగనమల చెఱువు కట్టక్రింద పంట తిన్న కుటుంబములను గాని, అనంతపురమున మేడలు కట్టిన వర్తకులను గాని, ఇచ్చట చదివి హైదరాబాదు, బెంగుళూరు, అమెరికాలకు పోయిన మన పిల్లలను గాని చాలకాలము దానిలో ఎవ్వరును సంబోధింపలేదు. ఆ తప్పు వ్రాసినవారిది కాదు. పిలువకున్నను పలుకవలసినవారము మనము. దూరదాత ధనము దూరపు గాలులకు లోబడియుండును. ఆ దేశమున వ్యాపారములు క్షీణించిన ఇచ్చట పద్దు క్షీణించును. ఇచ్చటి చట్టము మాఱినను అంతే: విదేశవిరాళముల చట్టము 2010నుండి అయిదేండ్ల కొకసారి అనుమతిని పునరుద్ధరించుకొమ్మనుచున్నది, 2020 సవరణముచే ఆ ధనము ఢిల్లీలోని స్టేటుబ్యాంకు ప్రధానశాఖలోనే దిగవలెననియు, నిర్వహణవ్యయము నూటికి ఇరువదికి మించరాదనియు, ఒక సంస్థ మఱొక సంస్థకు దానిని పంచరాదనియు ఏర్పడినది. రాజ్యమునకు తన కారణములు తనకు కలవు. నేను ఇచ్చట చెప్పునది ఒక్కటే: ఒక సీమ ఆరోగ్యము, విద్య, ఒక కాగితము పునరుద్ధరణపై వ్రేలాడుట ఆ సీమలోని కలిగినవారికి గౌరవము కాదు.

ఆ సంస్థయే తరువాత గ్రామములలో కుటుంబములకు చిన్న చిన్న హుండీలను పంచి, మనదేశపు బిడ్డలకు మనదేశపు ధనమను ప్రయత్నమునకు పూనుకొన్నది. ఒకప్పుడు సహాయము పొందిన ఇంటనే ఇప్పుడు హుండీ నిండుచున్నది. దీనిలో ఎంత పోగైనదను లెక్కకంటె, విన్నపము తన చదువరిని మార్చుకొన్నదను సంగతియే నాకు ముఖ్యముగా తోచుచున్నది. కూలిచేసి రూపాయి వేసినయమ్మ దాత. ఆమెకు ఎవ్వరును కఱవుబొమ్మను చూపనక్కఱలేదు, ఆమె కఱవు నెఱుగును.

విన్నపమే లేక జరిగిన పని యొకటి ఈ జిల్లాలోనే కలదు. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టువారు 1990ల నడుమ ఏడువందలకు పైగా గ్రామములకు త్రాగునీటిని తెచ్చిరి. ఫ్లోరిను నీటితో ఎముకలు వంగిన పల్లెలు మంచినీటి రుచి చూచినవి. చందా అడుగలేదు, రసీదుపుస్తకము తిరుగలేదు. నిర్మాణమునకు పూర్తిధనముండుట యెంత మేలో దీనివలన తెలియును. సగములో ఆగిన గొట్టము ఒక్కటియు లేదు. పిమ్మట నిర్వహణము ప్రభుత్వముపై పడినది. ఆ పథకపు పనివారు జీతముల బకాయిలకై సమ్మెకు దిగినారను వార్త పత్రికలలో మనము ఒకసారి కాదు, పలుమార్లు చదివితిమి. పంపు త్రిప్పువాడు దిగిపోయిన నాడు గొట్టములో నీరు లేదు. మహాదాత సైతము దశబంధమును కల్పింపక పోయిన ఇట్లగును.

ఇప్పుడు నా మిత్రుని కాగితమునకు వత్తును. అది యిట్లు మొదలైనది: కఱవుసీమలో పుట్టి చదువునకు నోచుకొనని దీనబాలికలు. నేను మొదట కొట్టివేసినది ఈ వాక్యమును. ఆ బాలికలు దీనలు కారు. పగలెల్ల బడిలోను, మాపు ఇంటిపనిలోను శ్రమించి, రాత్రి ఎనిమిదింటికి దీపమున్న చోటు వెదకుకొను పట్టుదల గలవారు. ఆ మాట మిత్రుడే నోట చెప్పెను; కాగితమున మాత్రము వ్రాయలేదు. కాగితమున వ్రాయుటకు దైన్యము, నోట చెప్పుటకు నిజము. ఈ విభాగము మన వాఙ్మయమున ఎప్పుడు స్థిరపడెనో!

రెండవ వాక్యము: గదికి, బల్లలకు, పుస్తకములకు ఇంత కావలెను. మూడవది: "దాతలు ఎంత యిచ్చినను చాలును, చంద్రునికొక నూలుపోగు." ఈ నూలుపోగు మన విన్నపముల నన్నిటిని చెఱచినది. ఎంత యిచ్చినను చాలుట యెట్లు? గదికి గోడలు లేచి కప్పుకు డబ్బు లేకున్న అది పఠనాలయము కాదు, మేకలదొడ్డి. ముప్పాతిక తవ్విన బావిలో ముప్పాతిక నీరుండదు. ఇంట పెండ్లి తలపెట్టిన గృహిణి నడుగుడు: తమలపాకుల కట్టలు మొదలు బండికూలి వఱకు పద్దు వ్రాసి, పూర్తి మొత్తము కూడిననాడే ముహూర్తము పెట్టింపును. వియ్యపువారు ఎంత పెట్టినను చాలుననుకొందురని ఏ తల్లియు నమ్మదు. వేళ్లమీద లెక్కపెట్టదగిన మూడునాళ్ల పెండ్లికి ఇంత యెఱుకయు, ముప్పదియేండ్లు నిలువవలసిన బడికి "తోచినంత"యు! వ్యర్థవివాహవ్యయమును ఖండించు మనము, ఆ వ్యయమునందలి లెక్కపనితనమును మాత్రము నేర్చుకొనలేకపోతిమి.

మొత్తము చెప్పిన దాత బెదరునని మిత్రుడు వాదించెను. ఇది లోకమున బలముగా నున్న వాదమే. చిన్నమొత్తముతో తలుపు తెఱిపించి లోనికి పోయిన తరువాత పెద్దది అడుగవచ్చునని చాలమంది సంఘసేవకుల నేర్పు. కాని మన సంస్కరణచరిత్రలో దీనికి ప్రతిసాక్ష్యము కలదు. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు తొలి వితంతువివాహమును జరిపించుటకు ముందు, కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు పదివేల రూపాయల సహాయమునకు ముందుకు వచ్చిరి. నాటి పదివేలు! తాంబూలములకు సరిపడు చందాలతో ఆ పని మొదలుపెట్టియున్న, పెండ్లి జరిగిన మఱునాడు బంధువులచే వెలివేయబడిన దంపతులకు నీడ యెక్కడ, వంటవాడెక్కడ, దావాల ఖర్చెక్కడ? ముహూర్తపు ఖర్చునకే గాక వెలినాటి బ్రదుకునకు కూడ ధనముండుటచే ఆ యుద్యమము నిలిచినది. దాతకు నిజమైన మొత్తమును చెప్పుట వానిని బెదరించుట కాదు, గౌరవించుట.

నాలుగవ విషయము వాక్యము కాదు, వాక్యలోపము. పఠనాలయమును సాయంకాలము తెఱచి, పుస్తకము లిచ్చి, రాత్రి ఆడపిల్లలను ఇండ్లు చేరువఱకు కనిపెట్టుకొనియుండు మనిషి యెవరు? ఆమెకు జీతమెంత? కరెంటుబిల్లెవరు కట్టుదురు? కాగితమున దీని ఊసు లేదు. అడుగగా మిత్రుడు సిగ్గుపడి, "జీతమని వ్రాసిన దాతలు మేమే తినివేయుదుమని అనుకొందురు" అనెను. సున్నము, ఇటుక పవిత్రములు, జీతము పాపము! ఇటుకపై దాత పేరు చెక్కవచ్చును, జీతముపై చెక్కుటకు వీలులేదు, అసలు కారణమిదియేమో. మన గ్రామములలో చలువరాతిఫలకములు చెక్కుచెదరకయుండి వాని వెనుకనున్న గదులు మాత్రము తాళము పడియుండుట నేను ఒకచోట కాదు చూచినది. లెక్కలు వ్రాయువానికి కూలి ఇయ్యక లెక్కలు సరిగా లేవని నిందించు దాతలు, ఎద్దునకు మేత వేయక దుక్కి సాగలేదని కోపించు కాపును బోలుదురు.

ఈ మాటలన్నియు చెప్పి, నేను దిద్దుటకు మారుగా మిత్రుని చేతనే మఱల వ్రాయించితిని. క్రొత్త కాగితమున విశేషణములు లేవు. గదికి ఇంత, మూడేండ్లపాటు పఠనాలయము నడుపు మనిషికి నెలకు ఇంత చొప్పున ఇంత, దీపమునకు, పుస్తకములకు, లెక్కల తనిఖీకి ఇంత, ఊరివారు ఇప్పటికే ఇచ్చినది ఇంత, అందులో కూలిదినములుగా ఇచ్చినది ఇంత, మిగిలినది ఇంత. పోరుమామిళ్ల శాసనమును అనుసరించి దోషముల పట్టిక కూడ చేర్చెను: పెద్దపిల్లలకు పెండ్లిండ్లైన చదువరులు తగ్గవచ్చును, వానకాలమున దారి బురదయగును, పఠనాలయమున అన్ని కులముల పిల్లలు కలిసి కూర్చుండుట కొందఱికి కంటగింపు కావచ్చును, అయినను వేఱు చాపలు వేయము. కట్టకడపట నా సలహాపై ఒక షరతు: వచ్చు ఉగాదిలోపల పూర్తిమొత్తము చేరనిచో, ఎవరి సొమ్ము వారికి తిరిగి పంపబడును.

ఈ చివరి షరతును చూచి ఊరి పెద్దలు సంతకము చేయుటకు వెనుదీసిరట. చేతికి వచ్చిన సొమ్మును తిరిగి పంపుట యెక్కడి ధర్మమని వారి ప్రశ్న. రెండుదినములు వాదము జరిగి, హుండీలో మొదటి నోటు వేసిన ఒక కూలియమ్మ, తన నోటు సగముగోడగా నిలుచుటకంటె ఇంటికి తిరిగివచ్చుటయే మేలనినదట. అటుపై సంతకములు పడినవి. మొత్తము మొదటి కాగితమునందలిదానికి ఇంచుమించు రెట్టింపైనది. నా పాలు నేనిచ్చితిని. ఆ పత్రమిప్పుడు శింగనమలలోను అనంతపురములోను చేతులు మాఱుచున్నది. ఉగాదికి ఇంకను గడువున్నది, మూడవవంతు ఇంకను చేరవలసియున్నది.